వాల్వు చావి

మా వారాసిగూడలో నీళ్లు రోజు విడిచి రోజు,
తెల్లారగట్ల నాలుగున్నరకి.
నవల రాసుకున్నది ఆ నాలుగున్నరలోనే.
బిందె నిండే చప్పుడు
లావు నుంచి సన్నానికి మారేలోగా ఒక వాక్యం,
డ్రమ్ము నిండేలోగా ఒక పేరా.
నీళ్లు రాని రోజు కూడా మెలకువ వచ్చేది.
ఆ రోజుల్లో రాసినవే ఎక్కువ కొట్టేశాను.

ఆరేళ్లు.
"ఇంకా రాస్తున్నా" అని చెప్పీ చెప్పీ
అదే నా ఉద్యోగం అనుకున్నారు కొందరు.
అసలు ఉద్యోగం కరెంటాఫీసులో, ఫిర్యాదుల కౌంటరు.
మనుషులు మొదట చెప్పేది
అసలు సంగతి కాదని అక్కడే తెలిసింది.
బిల్లు ఎక్కువొచ్చిందంటూ మొదలుపెట్టిన ఒకాయన
అరగంట తర్వాత అడిగాడు,
మీటరు ఇంకా మా ఆవిడ పేరు మీదే ఉంది,
ఉంచేయొచ్చా, అని.
ఆమె పోయి రెండేళ్లు.
కథంటే ఆ ప్రశ్న. మిగతాదంతా యూనిట్ల లెక్క.

ప్రచురణకర్తలు ముగ్గురు.
ఒకాయన బాగుందన్నాడు, కాగితం రేటు చెప్పాడు.
ఒకావిడ చదివారు, నిజంగానే చదివారు,
"నీళ్ల వాల్వులు తిప్పేవాడి మీద
నాలుగొందల పేజీలా?" అన్నారు.
మూడో ఆయన ఇప్పటికీ చదువుతున్నారు.

గాజులేం అమ్మలేదు, అంత కథ లేదు.
చిట్టీ ఎత్తాను.

చిక్కడపల్లిలో, మెట్ల కింది గదిలో డీటీపీ.
షాహీన్ తెలుగు నాకంటే వేగంగా కొడుతుంది.
ఫాంటు మార్చినప్పుడల్లా వత్తులు రాలిపోయేవి.
అమ్మ "అమ" అయ్యేది, కన్నీళ్లు "కనీళు".
ఏరిపారేసిన మెరికల్ని
మళ్లీ బియ్యంలో కలుపుతున్నట్టు
ఇద్దరం కూర్చుని ఒక్కో వత్తూ పెట్టుకుంటూ పోయాం.

ఇరవై ఒకటో అధ్యాయంలో ఆమె చేతులు ఆగాయి.
"బాలమల్లును ఎందుకు సంపిన్రు మేడం?"
నా దగ్గర జవాబులున్నాయి: నిర్మాణం, అనివార్యత,
ఇలాంటప్పటికని దాచుకున్న మాటలు.
ఆమె వినలేదు.
"మా అబ్బాజాన్ గూడ వాటర్ వర్క్స్‌లనే చేసిండు.
గాళ్లు గట్ల ఊకెనే సావరు.
ముందుగాల చావి ఎవరికన్న ఒప్పజెప్తరు."

చావి.
మూడడుగుల ఇనుప కడ్డీ, పైన అడ్డపట్టీ.
నాలుగొందల పేజీలు వాడి భుజాన మోయించి
చివరికి మోరీ పక్కన పడేయించాను,
వర్ణన బాగా కుదురుతుందని.
వాక్యం కోసం మనిషికి ద్రోహం చేయడం
ఇంత సులువని నాకెవరూ చెప్పలేదు.
చెప్పినా రాసుకుని పక్కన పెట్టేదాన్నేమో.

మళ్లీ రాశాను. బాలమల్లు చనిపోయాడు, అది తప్పలేదు.
కానీ ముందురోజు చీకట్లో
పక్కింటి పదేళ్ల పిల్ల చేతికి చావి ఇచ్చి,
ఎడమకి మూడు చుట్లు, బలం కాదు బిడ్డా, ఓపిక, అన్నాడు.
ఆ మాట నేను అనుకున్నది కాదు.
షాహీన్ చెప్పిందీ కాదు.
ఎక్కడినుంచి వచ్చిందో వెతకడం మానేశాను.

మూడొందల ప్రతులు ఆటోలో వచ్చాయి.
అరవై ఒకటి అమ్ముడయ్యాయి,
ఒకటి తిరిగొచ్చింది, పేజీలు తలకిందులయ్యాయని.
మంచం కింద మిగతావి.
ఊడుస్తుంటే చీపురుకి తగులుతాయి.
మొదటి ప్రతి షాహీన్‌కిస్తే
సంతకం చూడలేదు, అంకితం చూడలేదు,
తిన్నగా ఇరవై ఒకటో అధ్యాయం తీసి
వత్తులు ఉన్నాయా లేవా చూసుకుంది.

నిన్న నాలుగుంపావుకి గల్లీ చివర ఇనుము చప్పుడైంది.
ఆరేళ్లు రాశాను గానీ
మా వాల్వు తిప్పే మనిషిని ఎన్నడూ చూడలేదు.
పుస్తకం చేత్తో పట్టుకుని చెప్పుల్లేకుండా పరిగెత్తాను.
కుర్రవాడు. ఇరవై ఐదుంటాయేమో. చెవుల్లో పాటలు.
"ఏమైందక్కా, ప్రెషర్ వస్తలేదా?"
వస్తోంది, అన్నాను.
పుస్తకం ఇద్దామనే చూశాను.
ఒక చేతిలో చావి ఉంది,
ఇంకో చేతిలో టార్చి.